ఆక్టేన్ అంకె, మైలేజీ లెక్క

మా కాశిబుగ్గలో నాకు రెండు పేర్లున్నాయి. చదువుకునే పిల్లలకు ‘ఫిజిక్సు సారు’ను. ఆటోలు, కార్లు నడిపేవాళ్ళకు ‘లెక్కల సారు’ను. వాళ్ళకు నాతో పడే పని ఎప్పుడూ లెక్కతోనే. బాకీ మీద మిత్తి ఎంత, బండి మీద కిస్తీ ఎంత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వగైరా. మన విద్యార్థి సంఘం సావనీరుకు ఒక సైన్సు వ్యాసం రాసివ్వమని సంపాదకులు అడిగినప్పుడు, ఏ కృష్ణబిలాల గురించో రాసి నలుగురిచేతా భేష్ అనిపించుకుందామనుకున్నాను. ఆ సాయంత్రమే మా వాడకట్టు డ్రైవరు తమ్ముడొకడు ఇంటికొచ్చి నన్ను ఆకాశం నుంచి నేలమీదికి దింపాడు.

“సారూ, ఒక ముచ్చట అడగాలె. బంకుల ప్రీమియం పెట్రోలు పోస్తె బండి మంచిగుంజుతది, మైలేజీ పెరుగుతది అంటున్నరు. ఆర్నెల్ల సంది గదే పోస్తున్న. పెరిగినట్టే అనిపిస్తది గని పైసలు మిగుల్తలెవ్వు. మతలబేంది?”

ఇతను అప్పుచేసి కొన్న చిన్న కారును కిరాయికి తిప్పుతాడు. వరంగల్ స్టేషను, హన్మకొండ, కాజీపేట, అప్పుడప్పుడు హైదరాబాదు. కూతురు మన కళాశాలలోనే బి.ఎస్సీ. మొదటి సంవత్సరం చదువుతోంది. కాబట్టి ఈ ప్రశ్న ఒక ఇంటి నెల ఖర్చుకు సంబంధించినది. లెక్క కట్టి చూద్దాం. నెలకు 2,700 కిలోమీటర్లు తిరుగుతాడు, లీటరుకు 18 కిలోమీటర్లు వస్తుంది అనుకుంటే, 150 లీటర్లు కావాలి. మామూలు పెట్రోలు కంటే ప్రీమియం లీటరుకు 8 రూపాయలు ఎక్కువ అనుకుందాం. నెలకు 1,200 రూపాయలు. ఏడాదికి 14,400. ఆ అమ్మాయి చదువు ఖర్చులో అది చిన్న మొత్తం కాదు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే నలభై యేండ్ల కిందట ఇదే పొరపాటు నేనూ చేశాను.

బండి అడిగిందా?

1980లలో మేం చదువుకునే రోజుల్లో మామూలు పెట్రోలుతో పాటు 93 ఆక్టేన్ పెట్రోలు అని ఇంకొకటి దొరికేది. రామప్పకు పిక్నిక్కు పోదామని మిత్రబృందం బయలుదేరింది. చెరువు కట్ట మీదికి ఎవరు ముందు చేరుకుంటారో చూద్దామని పందెం. పుస్తకాలకని నాయిన ఇచ్చిన డబ్బులో కొంత తీసి, ఆయన స్కూటరులోనే 93 ఆక్టేన్ పోయించాను. అంకె పెద్దది గనుక బలం ఎక్కువ అని నా సిద్ధాంతం. అప్పటికి నేను ఫిజిక్సు విద్యార్థినే సుమా! మామూలు పెట్రోలు పోయించుకున్న మిత్రుడు నాకంటే ముందే కట్ట మీద కూర్చుని జామకాయ తింటూ కనిపించాడు.

తిరిగొచ్చాక మా వీధి మెకానిక్కుతో ఈ అన్యాయం చెప్పుకున్నాను. ఆయన బడి ముఖం చూసినవాడు కాదు. చేతిలో స్పానరు కింద పెట్టకుండానే, “బండి అడిగిందా బిడ్డా? అడగంది ఎందుకు పోసినవ్?” అన్నాడు. ఆ మాటలో ఉన్న విషయం నాకు పూర్తిగా అర్థం కావడానికి ఎం.ఎస్సీ. దాకా పట్టింది.

ఆయనకు చెవే పరికరం. మిర్చి సేట్లను ఎక్కించుకుని తిరిగే ఒక పాత అంబాసడరు ఆయన దగ్గరికి వచ్చేది. కాజీపేట వంతెన ఎక్కేటప్పుడు ఇంజనులోంచి డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు టకటక చప్పుడు. డ్రైవరు అది టాపెట్ల చప్పుడంటాడు. మెకానిక్కు తల అడ్డంగా ఊపేవాడు. “టాపెట్లయితే నిలబడ్డప్పుడు గూడ కొట్టుకోవాలె. ఇది ఎక్కుడుకే కొట్టుకుంటున్నది. పెట్రోల్ల కిరసనాయిలు కలిసింది.” రేషను షాపుల్లో ఇచ్చే నీలం కిరసనాయిలు అడ్డదారిన పెట్రోలులోకి చేరే రోజులవి. ఆయన ఊహ తప్పేది కాదు. ఆయన చెవికి వినబడిన ఆ చప్పుడు పేరు నాకింగు. ఆక్టేన్ అనే అంకె పుట్టింది ఆ చప్పుడును కొలవడానికే.

సిలిండరు లోపల ఏం జరుగుతుంది?

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసి సిలిండరులోకి వస్తాయి. పిస్టను పైకి లేచి ఆ మిశ్రమాన్ని అదుముతుంది. సరిగ్గా అదను చూసి స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. అక్కడ అంటుకున్న మంట సిలిండరులో ఆ చివరి దాకా పాకుతూ పోతుంది. వేడికి వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి తోస్తాయి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజనులో ఈ తోపు మొత్తం సెకనులో నూరోవంతు కాలంలో ముగిసిపోతుంది. అంత తక్కువ కాలంలో కూడా మంట ఒక క్రమంలోనే పాకాలి.

దీపావళికి సీమటపాకాయల లడి కాల్చినవాళ్ళకు ఇది తెలుసు. ఒక కొసకు నిప్పు పెడితే ఒకదాని తర్వాత ఒకటి పేలుతూ పోతుంది. కాని ఎండకు కాగిన లడి సగం కాలేసరికి, మిగిలిన సగం వేడెక్కి తనంతట తానే గుప్పున పేలిందనుకోండి? ఇంజనులో నాకింగు అలాంటిదే. మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం, ఒత్తిడికీ వేడికీ తాళలేక, వంతు రాకముందే భగ్గుమంటుంది. ఒత్తిడి తరంగాలు సిలిండరు గోడలకు కొట్టుకుంటాయి. అదే టకటక. అది అప్పుడప్పుడు వినబడితే కొంపలు మునగవు. రోజూ అదే పనిగా కొట్టుకుంటే పిస్టను పైభాగం, రింగులు, గాస్కెట్టు దెబ్బతింటాయి. ఇంజను బాగుకు అయ్యే ఖర్చు డ్రైవరు మూడు నెలల సంపాదన మింగుతుంది.

ఇలా తొందరపడకుండా, నిప్పురవ్వ వచ్చేదాకా ఒత్తిడిని తట్టుకుని ఆగగలిగే గుణమే ఆక్టేన్ విలువ. ఒక్క మాటలో చెప్పాలంటే అది పెట్రోలు ఓర్పు. ఓర్పు వేరు, బలం వేరు. మన డ్రైవరు తమ్ముడూ, విద్యార్థి దశలో నేనూ పొరబడింది ఇక్కడే.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

1926లో గ్రాహం ఎడ్గర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఒక కొలబద్ద ప్రతిపాదించాడు. బాగా ఓర్చుకునే ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100 మార్కులు. ఏమాత్రం ఓర్వలేని హెప్టేన్‌కు సున్నా. మనం పరీక్షించే పెట్రోలు, 91 పాళ్ళు ఐసో ఆక్టేన్, 9 పాళ్ళు హెప్టేన్ కలిపిన మిశ్రమం ఎక్కడ నాకింగు మొదలెడుతుందో అక్కడే మొదలెడితే, దాని ఆక్టేన్ విలువ 91. కొలవడానికి ఒకే సిలిండరు ఉన్న ప్రత్యేకమైన ఇంజను ఉంటుంది. అది నడుస్తుండగానే, ఎంత గట్టిగా అదమాలో మార్చుకోవచ్చు.

రసాయన శాస్త్ర విద్యార్థులకు ఒక మాట. హెప్టేన్‌లో ఏడు కార్బన్ పరమాణువులు వరసగా గొలుసులా ఉంటాయి. ఐసో ఆక్టేన్‌లో ఎనిమిది ఉన్నా, కొమ్మలు వేసిన చెట్టులా గుమిగూడి ఉంటాయి. పొడవాటి గొలుసు వేడికి తొందరగా తెగుతుంది. కొమ్మల నిర్మాణం అంత సులువుగా తెగదు. ఓర్పులో తేడా అంతా ఈ నిర్మాణంలో ఉంది.

ఇప్పుడు అసలు కీలకం. ఈ రెండింటినీ కిలో చొప్పున కాలిస్తే ఎంత వేడి వస్తుంది? రెండింటికీ దాదాపు 44 మెగాజౌళ్ళే. నిజానికి సున్నా మార్కుల హెప్టేన్‌కే ఒక పిసరు ఎక్కువ! వందకు వంద వచ్చిన ద్రవంలోనూ, సున్నా వచ్చిన ద్రవంలోనూ ఉన్న శక్తి ఒక్కటే అయినప్పుడు, ఆక్టేన్ అంకెను బట్టి మైలేజీని ఊహించడం ఎంత తప్పో పాఠకులు గమనించగలరు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన పూర్వ విద్యార్థులు కొందరు, “అక్కడ మేం 87 పోస్తాం, మీకు 91 ఇస్తున్నారే!” అని ఆశ్చర్యపోతుంటారు. కొలత తేడా తప్ప ఇందులో విశేషం లేదు. మన దగ్గర రాసేది రీసెర్చి ఆక్టేన్ నంబరు. అది తేలికపాటి పరిస్థితుల్లో కొలిచినది. మోటార్ ఆక్టేన్ నంబరు అని ఇంకొకటుంది. మిశ్రమాన్ని ముందే వేడి చేసి, ఇంజనును మరింత వేగంగా తిప్పి కొలుస్తారు గనుక ఆ అంకె తక్కువ వస్తుంది. అమెరికాలో ఈ రెండింటి సగటు రాస్తారు. వాళ్ళ 87, మన 91 ఇంచుమించు ఒకటే.

మరి ఆ కీర్తి ఎలా వచ్చింది?

ఆక్టేన్‌కు బలంతో సంబంధమే లేకపోతే రేసు కార్లకు, విమానాలకు ఎక్కువ ఆక్టేన్ ఎందుకు పోస్తారు? న్యాయమైన ప్రశ్న. సంబంధం ఉంది, కాని అది ఇంజను ద్వారా వస్తుంది.

పిస్టను మిశ్రమాన్ని ఎన్నో వంతుకు అదుముతుందో దాన్ని సంపీడన నిష్పత్తి అంటారు. మన మెకానిక్కుల భాషలో కంప్రెషను. ఇది ఎంత పెరిగితే, అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. ఆటో చక్రం సూత్రం ప్రకారం ఆదర్శ ఇంజను సామర్థ్యం నిష్పత్తి 7 అయితే 54 శాతం, 10 అయితే 60 శాతం, 12 అయితే 63 శాతం. నిజమైన ఇంజను ఇందులో సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కాని దిశ మాత్రం అదే. చిక్కేమిటంటే, ఎక్కువగా అదిమితే పెట్రోలు తొందరపడి నాకింగు మొదలెడుతుంది. అందుకే ఎక్కువ కంప్రెషనుకు ఎక్కువ ఓర్పున్న పెట్రోలు కావాలి. అంటే ఇంజను కట్టేవాడికి ఆక్టేన్ అనుమతి పత్రం లాంటిది. ఆ అనుమతిని వాడుకుని ఇంజను కడితే లాభం. పాత ఇంజనులోనే పోస్తే ఆ అనుమతి పత్రం ట్యాంకులోనే ఉండిపోతుంది.

దీనికి చరిత్రలో పేరుపడ్డ ఉదాహరణ 1940 నాటి బ్రిటన్ వైమానిక యుద్ధం. బ్రిటిష్ యుద్ధ విమానాలకు 87 ఆక్టేన్ బదులు 100 ఆక్టేన్ ఇంధనం వచ్చింది. మెర్లిన్ ఇంజను శక్తి వెయ్యి పైచిలుకు అశ్వశక్తి నుంచి 1,300 దాకా పెరిగింది. అయితే పోసిన ఇంధనం ఒక్కటే ఆ పని చేయలేదు. ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టే సూపర్‌చార్జరు ఒత్తిడిని దాదాపు రెట్టింపు చేసేలా సర్దుబాట్లు చేశారు. ఆ ఒత్తిడికి తట్టుకున్నది 100 ఆక్టేన్. ఆ కథలో సగమే మనదాకా వచ్చింది. పెద్ద అంకె గుర్తుండిపోయింది, ఇంజనుకు చేసిన మార్పు మరుగున పడింది.

మన అంబాసడరు, పద్మిని కార్ల సంపీడన నిష్పత్తి 7కు కొద్దిగా అటూ ఇటూ ఉండేది. మా నాయిన స్కూటరు కూడా ఆ కోవలోదే. వాటికి మామూలు పెట్రోలు ఓర్పే చాలు. రామప్ప దారిలో నేను పోసిన 93 ఆక్టేన్ ఎందుకు పనికి రాలేదో ఇప్పుడు తెలిసింది కదా.

ఓర్పు కోసం మింగిన విషం

ఆక్టేన్ చరిత్రలో ఒక చీకటి అధ్యాయం ఉంది. దాన్ని దాటేసి పోతే వ్యాసానికి న్యాయం జరగదు.

1921 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్సులో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కొద్దిగా కలిపితే నాకింగు ఆగిపోతుందని కనిపెట్టాడు. లీటరుకు గ్రాము కంటే తక్కువ సీసంతో ఆక్టేన్ చవగ్గా పెరిగిపోయింది. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో ఈ పదార్థం తయారుచేసే కార్మికులు మతి చలించి అయిదుగురు చనిపోయారు. అయినా ఆ వ్యాపారం దశాబ్దాల పాటు ప్రపంచమంతా సాగింది. పొగగొట్టంలోంచి వచ్చిన సీసం గాలిలో, దుమ్ములో, పిల్లల నెత్తురులో చేరింది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత కొంచెమైనా హానే. ఇంత వరకు ఫర్వాలేదు అనదగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అదే. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలు అమ్మకం ఆపింది. అంటే 1980లలో కాశిబుగ్గ చౌరస్తాలో నిలబడి సిటీ బస్సు కోసం ఎదురుచూసిన మా తరం, రోడ్డు పక్కన గోలీలాడిన పిల్లలు, కూడలిలో చేయెత్తి నిలబడిన పోలీసు కానిస్టేబులు, అందరం ఆ గాలే పీల్చాం. నేను మోజుపడి పోయించిన 93 ఆక్టేన్ వెనుక కూడా ఆ సీసమే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే పుస్తకాల డబ్బు పోయినందుకు కంటే దానికే ఎక్కువ బాధ కలుగుతుంది.

సీసం పోయాక ఆక్టేన్ పెంచడానికి శుద్ధి కర్మాగారాలే ఎక్కువ కష్టపడవలసి వచ్చింది. గొలుసుల్లాంటి అణువులను ఉత్ప్రేరకాల సాయంతో కొమ్మలుగా, వలయాలుగా మార్చాలి. తూర్పు తీరంలో 1957లో కాల్టెక్స్ కంపెనీ విశాఖపట్నంలో నెలకొల్పి, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన కర్మాగారం లాంటివన్నీ ఈ మార్పులకు లోనైనవే. ఈ పనికి ఖర్చు ఉంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఎక్కువ ధర పలకడానికి అదొక కారణం. ధర ఎక్కువ గనుక మేలు ఎక్కువ అనుకోవడం మాత్రం మన మనసు చేసే పొరపాటు.

ఇ20 చెప్పిన సాక్ష్యం

ఆక్టేన్ వేరు, మైలేజీ వేరు అనడానికి ఇప్పుడు ప్రయోగశాల దాకా పోనక్కరలేదు. మన బంకుల్లోనే సాక్ష్యం దొరుకుతుంది. 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం జరిగింది. దాన్నే ఇ20 అంటున్నాం. ఇథనాల్‌ను చెరకు నుంచే కాక బియ్యం నుంచి, మక్కల నుంచి కూడా తీస్తున్నారు. మా పక్కనే ఉన్న ఎనుమాముల మార్కెట్టుకు బండ్లలో వచ్చే మక్కలు ఇంధనానికీ ముడిసరుకే అన్నమాట.

ఇథనాల్ ఆక్టేన్ విలువ దాదాపు 108. కాబట్టి అది కలిసిన పెట్రోలు ఓర్పు పెరిగింది. ఇ20 ఆక్టేన్ 95 అని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో వివరించింది. మరి ఆక్టేన్ పెరిగితే మైలేజీ పెరగాలి కదా? పెరగలేదు, తగ్గింది. ఎందుకో లెక్క చూడండి. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. ఎనభై పాళ్ళ పెట్రోలుకు 25.6, ఇరవై పాళ్ళ ఇథనాల్‌కు 4.2, మొత్తం 29.8. అంటే లీటరులో ఉండే శక్తే దాదాపు 7 శాతం తగ్గింది. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, పది శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన నాలుగు చక్రాల బండ్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా అంచనా వేసింది. ఇ20కి సర్దుబాటు చేసిన కొత్త కార్లకు ఈ నష్టం 1 నుంచి 2 శాతమే అని ఆ నివేదికలోనే ఉంది. కొత్త ఇంజను ఆ అదనపు ఓర్పును వాడుకోగలదు. పాత ఇంజనుకు అది అక్కరకు రాదు. మళ్ళీ మా మెకానిక్కు మాటే!

గ్యాసుతో నడిచే ఆటోలదీ అదే కథ. ఎల్.పి.జి. ఆక్టేన్ నూరు దాటుతుంది. లీటరుకు వచ్చే కిలోమీటర్లు మాత్రం పెట్రోలు కంటే తక్కువే. లీటరులో ఉన్న శక్తి తక్కువ గనుక.

అయితే ఎవరు పోయించుకోవాలి?

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో మామూలు పెట్రోలు చాలునని తయారీదారు చెప్పిన కార్లలో ప్రీమియం పోసి పరీక్షించింది. శక్తిలో గాని, మైలేజీలో గాని, పొగలో గాని చెప్పుకోదగిన మేలు కనబడలేదు. 2017లో, ప్రీమియం వాడితే మంచిదని తయారీదారు సూచించిన కార్లను పరీక్షించింది. వాటిలో సగటున మైలేజీ 2.7 శాతం, శక్తి 1.4 శాతం పెరిగాయి. మేలు ఉంది. కాని అది ధరలో తేడాకు సరిపోతుందా అన్నది వేరే లెక్క.

దీన్నిబట్టి బండ్లను మూడు రకాలు చేయవచ్చు. మొదటిది, అడగని బండి. మన ఊళ్ళో తిరిగే చిన్న కార్లు, మామూలు మోటారు సైకిళ్ళు చాలామటుకు ఈ రకమే. వీటికి ప్రీమియం దండగ. రెండోది, అడిగే బండి. టర్బో ఉన్న కొన్ని ఖరీదైన కార్లు, కొన్ని స్పోర్ట్సు బైకులు ఈ రకం. బండితో ఇచ్చే పుస్తకంలోనో, ట్యాంకు మూత లోపలో 95 గాని అంతకంటే ఎక్కువ గాని పోయమని రాసి ఉంటే, ఆ మాట వినాలి. అక్కడ పొదుపు చేయబోతే ఇంజనే ఖర్చవుతుంది. మూడోది, అడక్కపోయినా కొంత అందుకునే బండి. కొత్త ఇంజన్లలో నాకింగును వినే చెవి ఒకటి అమర్చారు. దాన్ని నాక్ సెన్సరు అంటారు. మా మెకానిక్కు చెవిని సిలిండరు పక్కన పెట్టినట్టే! నాకింగు వినగానే కంప్యూటరు నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజను దక్కుతుంది, శక్తి కొంచెం తగ్గుతుంది. మే నెల వరంగల్ ఎండలో, నిండా జనంతో, ఏసీ వేసుకుని ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇలాంటి బండికి ఎక్కువ ఆక్టేన్ కొద్దిగా తోడ్పడవచ్చు. అది ఒకటి రెండు శాతం మాట. సెకనుకు తెలిసే తేడా కాదు.

ప్రీమియం పేరుతో అమ్మే పెట్రోలులో ఇంజెక్టర్లను శుభ్రపరిచే రసాయనాలు కూడా కలుపుతారు. వాటి మేలు వాటిది. దాన్ని ఆక్టేన్ ఖాతాలో రాయకూడదు. మామూలు గొట్టంలోనే 95 వస్తున్నప్పుడు, 95 అనే అంకెకు విడిగా డబ్బు కట్టేముందు అందులో అదనంగా ఏముందో అడిగి తెలుసుకోవడం మంచిది. ఇంకొక మాట. మామూలు పెట్రోలుతో ఎప్పుడూ నడిచే బండి ఉన్నట్టుండి టకటకమంటే, ఖరీదైన పెట్రోలు పోసి ఆ నోరు నొక్కకండి. ఇంజను వేడెక్కుతోందా, మసి పేరుకుందా, పెట్రోలు కల్తీదా, టైమింగు తప్పిందా చూపించుకోండి. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా గోళీ మింగినట్టు కారాదు.

కొలిచి చూశాం

ఇదంతా చెప్పినా డ్రైవరు తమ్ముడికి పూర్తి నమ్మకం కలగలేదు. కలగకపోవడమే మంచిదయింది. “మరి నాకు పెరిగినట్టెందుకు అనిపించింది సారూ?” అన్నాడు. ఖరీదైన పెట్రోలు పోయించినవాడు ఎక్సిలేటరును సుతారంగా తొక్కుతాడు, అది నీ కాలి మహిమ అన్నాను. నవ్వాడు గాని ఒప్పుకోలేదు. అప్పుడు అతని కూతురు, “కొలుద్దాం సార్” అంది.

పద్ధతి సులువే. ఒకే బంకులో, గొట్టం తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపాలి. మీటరు రాసుకోవాలి. రోజూ తిరిగే దారుల్లోనే తిరిగి, మళ్ళీ అలాగే నింపి, పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్క ట్యాంకుతో తేల్చకూడదు. గొట్టం ఒక లీటరు ముందో వెనకో ఆగితే, ముప్పై లీటర్లలో మూడు శాతం తప్పు అక్కడే వస్తుంది. అందుకని మామూలుది మూడు ట్యాంకులు, ప్రీమియం మూడు ట్యాంకులు. టైర్లలో గాలి మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఆ అమ్మాయి రికార్డు నోటుబుక్కులో పట్టిక గీసి రెండు నెలలు రాసింది. అన్నీ అయ్యాక చూస్తే, రెండు పెట్రోళ్ళ మధ్య తేడా మా కొలత పొరపాటులోనే కలిసిపోయింది. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఎంత పెరగాలి? మామూలుది 108 రూపాయలు, ప్రీమియం 116 అనుకుంటే, 18 కిలోమీటర్లు 19.3 దాకా పోవాలి. అది జరగలేదు.

అయితే పరీక్ష మొదలుపెట్టే రోజున ఇంకొకటి బయటపడింది. నాలుగు టైర్లలోనూ గాలి తక్కువ ఉంది. ఎయిర్ ఫిల్టరు ఎనుమాముల రోడ్డు దుమ్ముతో నిండిపోయి ఉంది. స్టేషను ముందు కిరాయి కోసం చూస్తూ ఇంజను ఆపకుండా ఏసీలో కూర్చోవడం అతని అలవాటు. ఇంజను నడుస్తూ బండి నిలబడి ఉంటే మైలేజీ ఎంత? సున్నా! ఈ మూడింటికీ పెట్టే ఖర్చు స్వల్పం. మైలేజీ కావలసినవాడు ముందు చేయి పెట్టవలసింది ఇక్కడ.

ఇప్పుడతను మామూలు పెట్రోలే పోయిస్తున్నాడు. మిగిలిన డబ్బు కిస్తీలోకి పోతోందట. వ్యాసం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కాని పోయిన ఆదివారం ఆ అమ్మాయి నోటుబుక్కు తిరిగి ఇవ్వడానికి వచ్చి ఒక ప్రశ్న వేసింది. “సార్, ఇ20తో లీటరులో ఉండే శక్తి తగ్గిందని మనమే లెక్క కట్టినం. మరి లీటరు ధర ఎందుకు తగ్గలేదు?”

ఆ నష్టానికి తగ్గట్టు ధర తక్కువ ఉండాలని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే సూచించారని చెప్పాను. “మరి?” అంది. ఆ ‘మరి’కి జవాబు నా ఫిజిక్సులో లేదమ్మా, అర్థశాస్త్రం వాళ్ళనూ రాజనీతిశాస్త్రం వాళ్ళనూ అడుగు అన్నాను. ఆ శాఖల మిత్రులు వచ్చే ఏటి సావనీరుకు రాసిస్తే చదవడానికి నేనూ, కాశిబుగ్గ డ్రైవర్లూ సిద్ధంగా ఉన్నాం.